బంతి పట్టని నెలలు

క్రికెట్‌లో ఒక సీజన్ చివరి మ్యాచ్‌కూ తరువాతి సీజన్ మొదటి మ్యాచ్‌కూ నడుమ ఉండే కాలాన్ని ఆఫ్ సీజన్ అంటారు. తెలుగులో దానిని విరామకాలం అనవచ్చు గాని, ఆ విరామం మ్యాచ్‌లకే తప్ప సాధనకు కాదని మొదటే గ్రహించాలి. బ్యాటరుకు ఈ నెలలు కొత్త షాట్లు నేర్చుకోవడానికి దొరికిన అదనపు సమయం. ఫాస్ట్ బౌలరుకు, అందులోనూ పద్నాలుగు నుంచి ఇరవై ఏళ్ల వయసు వారికి, ఇవే పునాది వేసుకునే నెలలు. వేగం మ్యాచ్‌లో కనిపిస్తుంది గాని, ఆ వేగాన్ని భరించే ఎముకా కండరమూ మ్యాచ్‌లు లేనప్పుడే తయారవుతాయి.

శ్రీకాకుళం పట్టణాన్ని ఆనుకుని ఉన్న అరసవల్లిలో ఈ కాలాన్ని గుర్తుపెట్టుకోవడానికి ఒక సహజమైన కొలమానం ఉంది. ఇక్కడి సూర్యనారాయణస్వామి ఆలయంలో ఏటా మార్చి రెండో వారంలోనూ, మళ్లీ అక్టోబరు తొలి రోజుల్లోనూ ఉదయపు కిరణాలు అనివెట్టి మండపం దాటి వచ్చి స్వామి పాదాలను తాకుతాయి. దేశవాళీ క్రికెట్ కూడా ఇంచుమించు అక్టోబరులో ఊపందుకుని మార్చికి ముగింపుకు వస్తుంది కనుక, ఈ రెండు కిరణ దర్శనాల నడుమ ఉన్న కాలమే ఇక్కడి యువ బౌలరు విరామకాలమని పెట్టుకోవచ్చు.

అయితే ఈ విరామం దానంతట అది రాదు. కోతలైన వరిమళ్లలో సంక్రాంతి టోర్నమెంట్లు, పరీక్షలవగానే వేసవి శిబిరాలు, ఊరూరా టెన్నిస్ బంతి కప్పులు, వాటి వెనకే జిల్లా ఎంపికలు వరసగా వస్తుంటే, వేగంగా వేయగల కుర్రవాడిని ఏ జట్టూ ఖాళీగా ఉండనివ్వదు. పన్నెండు నెలలూ బంతి వేయడాన్ని పట్టుదలగా భావించే అలవాటు అతనికీ, అతని చుట్టూ ఉన్నవారికీ ఉంది. ఈ అధ్యాయం ఆ అలవాటును మాన్పించడానికి ఉద్దేశించినది. విరామకాలాన్ని పూనుకుని ఏర్పాటు చేసుకోవాలి, ఏర్పాటు చేసుకున్నాక దానిని దశలుగా విభజించి వాడుకోవాలి.

ఎముక ఎందుకు పగులుతుంది

ఫాస్ట్ బౌలరు పరుగెత్తి వచ్చి క్రీజు దగ్గర ఎగిరి, మొదట వెనక కాలినీ, వెంటనే ముందు కాలినీ నేలకు ఆనిస్తాడు. ముందు కాలు పడిన క్షణంలో నేల నుంచి శరీరంలోకి వచ్చే తాకిడి శరీరం బరువుకు ఐదు రెట్లు మొదలుకొని, కొందరిలో ఎనిమిది రెట్ల దాకా ఉంటుందని పరిశోధకులు కొలిచి చెప్పారు. అంటే 50 కిలోల కుర్రవాడి మోకాలూ తుంటీ నడుమూ ఒక్కొక్క బంతికి కనీసం 250 కిలోల భారాన్ని రెప్పపాటు కాలం మోస్తాయి. సరిగ్గా అప్పుడే అతని నడుము వెనక్కి వంగి, పక్కకు ఒరిగి, మెలితిరుగుతూ ఉంటుంది. ఈ మూడు కదలికలూ కలిసి ఆ భారాన్ని నడుము పూసల్లో చివరి రెండింటి మీదకు, అంటే నాలుగో, ఐదో పూసల వెనక భాగంలో పై కీలునూ కింది కీలునూ కలిపే సన్నని ఎముక వంతెన మీదకు తోస్తాయి. బంతి వేసే చేతికి ఎదురు పక్కన, అంటే కుడిచేతి బౌలరుకు ఎడమవైపు, ఆ వంతెన ఎక్కువగా దెబ్బతింటుంది. వందల బంతుల తాకిడి పోగుపడి ఎముకలో వచ్చే ఇటువంటి సన్నని పగులును స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు.

ఎముక జీవమున్న పదార్థం కనుక, భారం పడిన చోట అది తనను తాను బాగుచేసుకుని గట్టిపడుతుంది. కాని ఆ మరమ్మతుకు ఒక వరస ఉంది: అలసిన పాత ఎముకను శరీరం ముందు తొలగించి, ఆ ఖాళీలో కొత్త ఎముకను తరువాత నింపుతుంది, ఈ చక్రం పూర్తికావడానికి మూడు, నాలుగు నెలలు పడుతుంది. పాతది తీసి కొత్తది నిండని వారాల్లో ఆ భాగం మునుపటికన్నా బలహీనంగా ఉంటుందన్నది ప్రతి బౌలరూ, ప్రతి తండ్రీ తెలుసుకోవలసిన విషయం. పైగా కౌమారంలో పూస ఇంకా పూర్తిగా గట్టిపడదు, ఎత్తు పెరిగే వేగానికి కండరం ఎదుగుదల వెనకబడుతుంది, అదే వయసులో ఆడే మ్యాచ్‌లు మాత్రం ఒక్కసారిగా పెరుగుతాయి. గాయాలు ఈ వయసులోనే ఎక్కువగా రావడానికి కారణం ఇదే.

ఆస్ట్రేలియా బౌలర్ డెన్నిస్ లిల్లీ 1973లో వెస్టిండీస్ పర్యటనలో వెన్నుపూసల పగుళ్లతో ఆగిపోయి, నెలల తరబడి పద్ధతిగా వ్యాయామం చేసి 1974-75 సీజన్‌లో తిరిగివచ్చి, చివరికి 355 టెస్టు వికెట్లు తీశాడు. 1987లో చెన్నైలో మొదలైన ఎంఆర్ఎఫ్ పేస్ ఫౌండేషన్‌లో భారత కుర్రవాళ్లకు పాఠం చెప్పింది కూడా ఆయనే. పద్దెనిమిదేళ్ల వయసులో 2011 నవంబరులో తొలి టెస్టు ఆడిన పాట్ కమిన్స్, వరస వెన్ను గాయాల వల్ల రెండో టెస్టు కోసం 2017 మార్చి దాకా ఆగవలసి వచ్చింది. మరోపక్క హైదరాబాదు బౌలర్ మహమ్మద్ సిరాజ్ 2025లో ఇంగ్లండ్‌లో ఐదు టెస్టులూ ఆడి, ఏడు వారాల లోపు 185.3 ఓవర్లు, అంటే 1113 బంతులు వేసి, 23 వికెట్లు తీసి, ఓవల్‌లో ఆఖరి రోజున భారత్‌ను 6 పరుగుల తేడాతో గెలిపించాడు. అంతటి భారాన్ని మోసిన సిరాజ్ వయసు అప్పటికి 31. ముప్పై ఏళ్ల శరీరం మోయగలిగిన దానిని పదిహేనేళ్ల శరీరం మీద పెట్టకూడదు, కాని ఆ వయసుకు అంత మోయగలగాలంటే పదిహేనేళ్ల నుంచే క్రమంగా పేర్చుకుంటూ రావాలి.

మొదటి దశ: బంతిని పక్కన పెట్టడం

మార్చి మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా నాలుగు వారాలు బౌలింగ్ పూర్తిగా మానాలి. పదో తరగతి, ఇంటర్ పరీక్షలు ఇంచుమించు ఈ రోజుల్లోనే జరుగుతాయి కనుక చదువుకూ శరీరానికీ ఒకే ఏర్పాటు సరిపోతుంది. ఈ వారాల్లో నడక, సైకిలు, తేలికపాటి ఈత, ఉదయపు సూర్యనమస్కారాలు ఉండవచ్చు. అరసవల్లి వంటి చోట పిల్లలకు చిన్నప్పటి నుంచీ పరిచయమున్న సూర్యనమస్కారంలో తుంటి ముందు భాగమూ, తొడ వెనక కండరాలూ, భుజాలూ క్రమంగా సాగుతాయి. ఫాస్ట్ బౌలరులో సీజన్ చివరికి బిగుసుకుపోయే భాగాలూ ఇవే. అయితే నడుమును బలవంతంగా వెనక్కి విరిచే భంగిమలో మితం పాటించాలి, ఎందుకంటే ఏడాదంతా వెనక్కి వంగిన నడుముకు ఈ నెలలో కావలసినది ఆ వంపు కాదు.

ఈ విశ్రాంతిని నాలుగైదు వారాలకు మించి పొడిగించకూడదు. భారం పూర్తిగా తీసివేస్తే ఎముకా స్నాయువూ అలవాటు తప్పుతాయి. ఆపై ఒక్కసారిగా పూర్తి వేగంతో మొదలుపెట్టడం, మానకుండా వేయడమంత ప్రమాదకరం. జిల్లా వయోవర్గ పోటీలు వేసవిలోనే పెట్టిన ఏడాది ఈ నెలను ముందుకో వెనక్కో జరపవచ్చు గాని, విశ్రాంతి, బలం, బౌలింగ్ అనే వరస మాత్రం మారకూడదు.

రెండో దశ: బలం

ఏప్రిల్ మధ్య నుంచి జూన్ చివరి దాకా పది వారాలు బలానికి కేటాయించాలి. ఇక్కడ తల్లిదండ్రుల మనసులో పాతుకుపోయిన ఒక భయాన్ని తొలగించవలసి ఉంది. చిన్న వయసులో బరువులెత్తితే ఎత్తు పెరగరన్నది నిజం కాదు. సరైన భంగిమలో, పెద్దల పర్యవేక్షణలో, వయసుకు తగిన బరువుతో చేసే సాధన ఎదుగుదలను అడ్డుకోదు సరికదా, ఎముక సాంద్రతను పెంచుతుంది. దీనికి నిదర్శనాలు వెతకడానికి దూరం పోనక్కర్లేదు. అరసవల్లికి పక్కనే ఉన్న ఆమదాలవలస ప్రాంతపు ఊసవానిపేటలో పన్నెండేళ్ల వయసులో బరువులు పట్టిన కరణం మల్లీశ్వరి, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ అయ్యారు. విజయనగరం జిల్లా కొండవెలగాడ ఊరు వెయిట్‌లిఫ్టర్లకు పుట్టిల్లు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం సాధించిన మత్స సంతోషిది ఆ ఊరే. ఇంకా వెనక్కి వెళితే, వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు పేరే శ్రీకాకుళం క్రీడా మైదానానికి ఉంది. దండాలూ బస్కీలూ సాముగరిడీ తెలిసిన ఈ నేల మీద, ఫాస్ట్ బౌలరు బలం కోసం ఖరీదైన జిమ్ వైపు చూడనవసరం లేదు.

ఒక గోనె సంచిలో ఇసుక పోసి మూతి గట్టిగా కడితే తొలి పరికరం సిద్ధమైనట్టే. ఆ బస్తాను గుండెకు హత్తుకుని ఒక కాలు ముందుకూ ఒక కాలు వెనక్కూ వేసి, వెనక మోకాలు నేలకు బెత్తెడు దూరంలోకి వచ్చే దాకా దిగి లేవడాన్ని స్ప్లిట్ స్క్వాట్ అంటారు. బౌలింగ్‌లో భారమంతా ఒంటికాలి మీద పడుతుంది కనుక రెండు కాళ్ల బస్కీ కన్నా ఇది అతనికి ఎక్కువ అవసరం. రెండోది తుంటి దగ్గర వంగడం. ఒక కర్రను వీపు వెంబడి నిలువుగా పట్టుకుంటే అది తల వెనక, భుజాల నడుమ, పిరుదుల పైభాగాన మూడు చోట్ల తగలాలి. ఆ మూడు స్పర్శలూ తప్పిపోకుండా, మోకాళ్లను కొద్దిగా మాత్రమే మడిచి ముందుకు వంగి లేవడం వచ్చినప్పుడే చేతికి బరువు ఇవ్వాలి. కర్ర మధ్యలో వీపును వదిలిందంటే వంగుతున్నది తుంటి కాదు, నడుము.

మూడోది లాగడం. దండాలు ఛాతీని, భుజాల ముందు భాగాన్ని పెంచుతాయి గాని, బంతి వదిలాక చేతిని ఆపే భారం భుజం వెనక కండరాలదే. కాబట్టి చేదతో నీళ్లు తోడడం, ఇసుక నింపిన బకెట్‌ను నడుము దాకా లాగి దించడం, కడ్డీకి వేలాడి శరీరాన్ని పైకి లాక్కోవడం వంటివి దండాలతో సమానంగా ఉండాలి. నాలుగోది పక్కకు తిరిగి మోచేతి మీద శరీరాన్ని నిటారుగా నిలబెట్టే సైడ్ ప్లాంక్. ఇది నడుము పక్కకు ఒరగకుండా పట్టి ఉంచే కండరాలకు పని చెబుతుంది. ఐదోది మడమలెత్తి దించే పిక్కల వ్యాయామం.

బరువు ఎంత ఉండాలనే ప్రశ్నకు కిలోల్లో జవాబు చెప్పడం సరికాదు. భంగిమ చెడకుండా పదిసార్లు చేశాక, ఇంకో రెండు మూడుసార్లు చేయగల ఓపిక మిగిలి ఉంటే ఆ బరువు సరిపోయినట్టు. వారానికి మూడు రోజులు, నడుమ ఒక్కో రోజు ఎడమిచ్చి, ఒక్కో వ్యాయామాన్ని మూడు విడతలుగా చేస్తే చాలు. మిగిలిన రోజుల్లో రెండుసార్లు 20 నుంచి 40 మీటర్ల పరుగులు పూర్తి వేగంతో, మధ్యలో బాగా తేరుకుంటూ తీయాలి. బౌలరుకు కావలసినది మైళ్ల పరుగు కాదు, మళ్లీ మళ్లీ తీయగల పొట్టి పరుగు. ఈ పరుగును తారురోడ్డు మీద కాకుండా మట్టి మైదానంలో తీయడం మంచిది. కళింగపట్నం తీరంలో తడి ఇసుక మీద అప్పుడప్పుడు పరుగెత్తవచ్చు గాని, వదులు ఇసుక మడమ స్నాయువును అతిగా లాగుతుంది.

ఎండ, తిండి, నిద్ర

ఆరోగ్యాన్ని సూర్యుణ్ణి అడగాలన్న నమ్మకం అరసవల్లిది. ఎముక విషయంలో శరీరశాస్త్రం కూడా ఆ మాటే చెబుతుంది. తిన్న కాల్షియంను పేగులు గ్రహించడానికి విటమిన్ డి కావాలి, దానిలో ఎక్కువ భాగం ఎండ తగిలిన చర్మంలోనే తయారవుతుంది. కాని లేత ఎండలో అది తయారయ్యేది చాలా తక్కువ. సూర్యుడు కొంత పైకెక్కాక, ఉదయం పది దాటిన వేళ చేతులూ కాళ్లూ వీపూ కొద్దిసేపు ఎండకు ఆనితే ప్రయోజనం ఉంటుంది. అందుకని మే నెల ఎండలో సాధన చేయాలని కాదు. సముద్రపు తేమ నిండిన ఇక్కడి గాలిలో చెమట ఆరదు, ఆరని చెమట శరీరాన్ని చల్లబరచదు. కాబట్టి కష్టమైన సాధనను తెల్లవారి ఏడు లోపునో, సాయంత్రం ఐదు దాటాకనో పెట్టుకోవాలి. ఉప్పు వేసిన మజ్జిగ, గంజి, తరవాణి వంటివి చెమటతో పోయిన నీటినీ లవణాన్నీ తిరిగి ఇస్తాయి.

కౌమారంలో రోజుకు దాదాపు 1000 మిల్లీగ్రాముల కాల్షియం అవసరం. ఉత్తరాంధ్ర ఇళ్లలో చోళ్లుగా పిలిచే రాగుల్లో వంద గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. పాలలో అదే పరిమాణానికి సుమారు 120. ఉదయం చోడి అంబలి, రెండు పూటలా పాలో పెరుగో, ముల్లుతో సహా నమిలి తినే నెత్తళ్ల వంటి చిన్న చేపలు, నువ్వుండలు కలిస్తే ఆ లెక్క మాత్రలు లేకుండానే పూర్తవుతుంది. కండరానికి కావలసిన మాంసకృత్తుల కోసం గుడ్లు, చేపలు, పప్పు, ఉలవలు ప్రతి పూటా ఏదో ఒకటి ఉండాలి. అన్నం ఎక్కువ, పప్పు తక్కువ అయిన కంచం బౌలరును నిలబెట్టదు.

ఆడపిల్లల విషయంలో మరింత శ్రద్ధ అవసరం. విశాఖపట్నానికి చెందిన షబ్నమ్ షకీల్ పదిహేనేళ్లకే 2023 అండర్-19 మహిళల టీ20 ప్రపంచకప్ గెలిచిన జట్టులో సభ్యురాలయ్యాక, ఈ జిల్లాల అమ్మాయిలు కూడా వేగంగా వేయాలని ముందుకు వస్తున్నారు. సాధన పెరిగి తిండి పెరగనప్పుడు నెలసరి తప్పడం ఎముక బలహీనపడుతోందనడానికి ముందస్తు హెచ్చరిక. దానిని సిగ్గుపడి దాచుకోకుండా వైద్యురాలికి చెప్పే చనువు ఇంట్లో ఉండాలి. ఇక నిద్ర, ఆడపిల్లలకైనా మగపిల్లలకైనా, రాత్రికి ఎనిమిది తొమ్మిది గంటలకు తగ్గకూడదు. శరీరం చేసుకునే మరమ్మతులో పెద్ద వంతు నిద్రలోనే సాగుతుంది.

మూడో దశ: యాక్షన్, బంతుల లెక్క

జూలై నుంచి సెప్టెంబరు దాకా బంతి తిరిగి చేతికి వస్తుంది. మొదటి రెండు వారాలు యాక్షన్‌ను, అంటే బంతి వేసే పద్ధతిని సరిచూసుకోవడానికి వాడాలి. వెనక కాలు పడినప్పుడు భుజాలూ తుంటీ రెండూ పక్కకు తిరిగి ఉంటే సైడ్ ఆన్ అనీ, రెండూ బ్యాటరుకు ఎదురుగా ఉంటే ఫ్రంట్ ఆన్ అనీ అంటారు. ఈ రెండూ సురక్షితమైనవే. తుంటి ఒక దిక్కుకూ భుజాలు మరో దిక్కుకూ ఉండి, వాటి నడుమ నడుము మెలితిరగడాన్ని మిక్స్‌డ్ యాక్షన్ అంటారు. వెన్ను పగుళ్లతో దీనికున్న సంబంధాన్ని పరిశోధకులు పలుమార్లు ఎత్తిచూపారు. ఎవరో ఒకరు మొబైలు ఫోనును వికెట్ల వెనక నిలిపి నెమ్మది వేగంలో వీడియో తీస్తే, ఆ క్షణంలో భుజాల గీతా తుంటి గీతా ఒకే దిక్కున ఉన్నాయో లేదో ఎవరైనా చూడగలరు. ఉంటే మార్చవద్దు, లేకపోతే అనుభవమున్న శిక్షకుని దగ్గర, మ్యాచ్ ఒత్తిడి లేని ఈ వారాల్లోనే మార్చుకోవాలి.

ఆ తరువాతిది బంతుల లెక్క. వారానికి రెండు రోజులు, రోజుకు 24 బంతులు, పూర్తి బలంలో మూడింట రెండొంతులతో మొదలుపెట్టి క్రమంగా పెంచాలి. పెంచడానికి కొలత ఇది: ఈ వారం వేసిన బంతులను, గత నాలుగు వారాల సగటుతో భాగించాలి. ఉదాహరణకు నాలుగు వారాల్లో 48, 60, 72, 60 బంతులు వేస్తే మొత్తం 240, సగటు 60. ఐదో వారంలో 75 వేస్తే భాగఫలం 1.25 వస్తుంది, ఇది క్షేమం. అదే ఆదివారం ఒక టెన్నిస్ బంతి టోర్నమెంటులో మూడు మ్యాచ్‌లు ఆడి మరో 60 వేస్తే మొత్తం 135, భాగఫలం 2.25. ఒకటిన్నర దాటినప్పుడు గాయం భయం పెరుగుతుందని క్రీడావైద్యులు హెచ్చరిస్తారు. ఇది రెండును కూడా దాటిపోయింది. టెన్నిస్ బంతి తేలిక గనుక లెక్కలోకి రాదనుకోవడం పొరపాటు. బంతి తేలికైనా కాలు నేలను తాకే దెబ్బ తేలిక కాదు, సిమెంటు పిచ్ మీదైతే అది మరింత గట్టిగా తగులుతుంది.

రోజుకు ఎంత అన్నదానికి ఇంగ్లండ్ బోర్డు చాలాకాలం అనుసరించిన నియమాలు మంచి ఆధారం. వాటి ప్రకారం పదిహేనేళ్ల లోపు వారు ఒక స్పెల్‌లో 6 ఓవర్లు, రోజుకు 12 ఓవర్లు దాటకూడదు. పదిహేడేళ్ల లోపు వారికి ఆ పరిమితి 7, 18. ఏడు రోజుల్లో నాలుగు రోజులకు మించి, వరసగా రెండు రోజులకు మించి బౌలింగ్ చేయకూడదు. వానలకు మైదానం చిత్తడిగా ఉన్న రోజున ముందు కాలు జారే ప్రమాదం ఉంది కనుక, ఆ రోజు బంతి మాని బస్తా పట్టాలి. వాన వల్ల పోయిన బంతులను మర్నాడు కలిపి వేయడం మాత్రం తగదు.

నొప్పి చెప్పే మాట

కండరం నొప్పి రెండు వైపులా ఉండి రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. నడుము కింద, బంతి వేసే చేతికి ఎదురు పక్కన, వేలితో చూపించగలిగినంత చిన్న చోట నొప్పి పుట్టి, వెనక్కి వంగితేనో ఒంటికాలి మీద నిలబడి వెనక్కి వాలితేనో ఎక్కువైతే, ఆ రోజే బౌలింగ్ ఆపి ఎముకల వైద్యుణ్ణి కలవాలి. తొలిదశ పగులు మామూలు ఎక్స్‌రేలో తరచుగా కనిపించదు. ఎంఆర్ఐ పరీక్షలో తెలుస్తుంది. ఆ దశలోనే దొరికితే కొన్ని నెలల విశ్రాంతితో మానిపోయే పగులు, నొప్పి మాత్రలు మింగి మరో రెండు మ్యాచ్‌లు ఆడితే ఏళ్లు తినేస్తుంది. నొప్పిని బయటపెట్టిన పిల్లవాడిని పిరికివాడని అనే జట్టు, తన బౌలరును తానే పోగొట్టుకుంటుంది.

ఆచరణకు తీసుకోవలసినవి

ఈ అధ్యాయంలో చెప్పినదంతా ఒక నూరు పేజీల నోటుపుస్తకంలో ఇముడుతుంది. ప్రతి రోజుకూ ఒక వరస గీసి, అందులో వేసిన బంతులు, ఎత్తిన బస్తా, నిద్రపోయిన గంటలు, నొప్పి ఉంటే ఎక్కడ అన్నది రాయాలి. ఆదివారం సాయంత్రం బౌలరు, ఇంటి పెద్దలలో ఒకరు, శిక్షకుడు కలిసి ఆ పేజీ చూడాలి. ఏ కప్పుకు వెళ్లాలి, ఏ కప్పుకు వద్దనాలి అన్నది ఆ అంకెలను బట్టి ముగ్గురూ కలిసి తేల్చాలి. పదిహేనేళ్ల పిల్లవాడు ఊరి జట్టు పెద్దలకు కాదని చెప్పలేడు; ఆ మాట అతని తరఫున తండ్రో శిక్షకుడో చెప్పాలి. అతనికి ఈ వయసులో వారు చేయగల సాయాల్లో ఇంతకన్నా పెద్దది లేదు.

అక్టోబరు తొలి ఉదయాల్లో అరసవల్లి ఆలయంలో కిరణాలు మళ్లీ స్వామి పాదాలను చేరే వేళకు, ఆ పుస్తకంలో ఆరు నెలల పైచిలుకు లెక్క ఉంటుంది: బంతి లేని నాలుగు వారాలు, బస్తా బరువు పెరిగిన పది వారాలు, మెట్టు మెట్టుగా పెరిగిన బంతులు. సీజన్ మొదటి స్పెల్ వేయడానికి కొత్త బంతి అందుకున్న బౌలరు నడుములో ఆ పేజీలన్నీ ఉంటాయి.